కంప్యూటరు కాపలా: హైస్కూలు నుండే ఒక బ్రతుకుతెరువు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మాస్టారూ, ఈసారి పిల్లల చదువుల మీద మాట్లాడండి. నీట్ సంగతి, ఇంజనీరింగ్ ఎంట్రన్సు సంగతి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. మీరు మరొకటేదన్నా చెప్పండి" అన్నారు. పాలిటెక్నిక్‌లో చాలా ఏళ్ళు కంప్యూటరు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి గనుక నాకు చేతనైన సంగతే ఎంచుకున్నాను. దాన్ని సైబర్ సెక్యూరిటీ అంటారు. మనం కంప్యూటరు కాపలా అనుకుందాం. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, కరెంటు ఆఫీసుల్లో, మన చేతిలోని సెల్‌ఫోన్లలో దొంగ జొరబడకుండా చూడటం, జొరబడితే కనిపెట్టటం, ఎటునుంచి వచ్చాడో జాడ తీయటం ఈ పని. ఇదొక వృత్తి. నెల జీతం వచ్చే వృత్తి. దీని పునాది మటుకు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే పడాలని నా అభిప్రాయం. ఎందుకో మనవి చేస్తాను.

ముందు ఒక దొంగతనం సంగతి. 2022 జనవరిలో హైదరాబాదులోని మహేశ్ కోఆపరేటివ్ బ్యాంకులో సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు పోయినై. గోడకు కన్నం వెయ్యలేదు, వాచ్‌మన్‌ను కొట్టలేదు. పోలీసులు దర్యాప్తులో తేల్చిందేమంటే, అంతకు ముందు నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు చాలా ఈ-మెయిల్ ఉత్తరాలు వచ్చినై. చూడటానికి మామూలు ఉత్తరాలే. ఒకరిద్దరు తెరిచారు. తెరిచినవారి కంప్యూటరులో ఒక దొంగ ప్రోగ్రాము వచ్చి కూర్చుంది. లోపల ఏం జరుగుతున్నదీ బయటివాడికి చేరవేసింది. వాడు తొందరపడలేదు. వారాల తరబడి ఓపిగ్గా చూసి, సమయం చూసుకుని డబ్బు మళ్ళించాడు. మొదట కొద్దిపాటి ఖాతాల్లోకి, అక్కడనుంచి వందకు పైగా ఖాతాల్లోకి, అక్కడనుంచి ఇంకా చిన్న చిన్న ముక్కలుగా చేసి రకరకాల రాష్ట్రాల్లో ఏ.టి.ఎం.ల నుంచి నోట్లుగా బయటికి తీశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. దొంగ తన సొంత పేరుమీద ఖాతా తెరుచుకుని సొమ్ము వేసుకోడు గదా? మరి అన్ని ఖాతాలు వాడికి ఎక్కడివి? ఇట్లాంటి నేరాల్లో సొమ్ము మోసే ఖాతాలకు పోలీసుల భాషలో మ్యూల్ ఖాతాలని పేరు. మ్యూల్ అంటే కంచరగాడిద. బరువు మోసేది అది, లాభం తినేది వేరేవాడు. కూలి చేసుకునేవాడు, డిగ్రీ మధ్యలో మానేసినవాడు, సెల్ షాపులో పనిచేసే కుర్రాడు. వీళ్ళ దగ్గరకు ఒకడొస్తాడు. "నీ ఖాతా, ఏ.టి.ఎం. కార్డు, సిమ్ము ఓ నెల రోజులు ఇవ్వు, అయిదువేలు ఇస్తా" అంటాడు. అమ్మ మందులకో, ఈద్ బట్టలకో పనికొస్తయ్యని కుర్రాడు ఇచ్చేస్తాడు. ఆ ఖాతాలో ఎవరో రిటైరైన పెద్దమనిషి జన్మంతా కూడబెట్టుకున్న సొమ్ము వచ్చి పడుతుంది, గంటలో మాయమవుతుంది. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేసరికి వాళ్ళకు దొరికే పేరు, అడ్రసు, ఫోటో ఎవరివి? మన కుర్రాడివి. అసలువాడు ఏ దేశంలో ఉన్నాడో!

ఇంకొక దారి కూడా ఉన్నది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. కంప్యూటరులో డేటా ఎంట్రీ ఉద్యోగం, విదేశంలో మంచి జీతం అని చెప్పి ఆంధ్ర కుర్రాళ్ళను ఏజెంట్లు కంబోడియాకు పంపారు. అక్కడ పాస్‌పోర్టు లాక్కుని, ఒక గదిలో కూర్చోబెట్టి, మన దేశంవాళ్ళకే ఫోను చేయించి మోసాలు చేయించారు. కాదన్నవాణ్ణి కొట్టారు. 2025 మార్చిలో మయన్మార్‌లోని ఇట్లాంటి గుడారాల నుంచి బయటపడిన వందలాది భారతీయులను ప్రభుత్వంవారు విమానాలు పంపి తీసుకువచ్చారు. అందులో మన తెలుగు పిల్లలున్నారు. గల్ఫు వీసా అంటే ఏజెంటు చేతిలో డబ్బు పోసే అలవాటు మన ఇళ్ళల్లో నలభై ఏళ్ళుగా ఉన్నది. ఆ అలవాటే ఇప్పుడు ఇటు తిరిగింది.

ఈ రెండూ ఎందుకు చెప్పానంటే, మన పిల్లలు కంప్యూటరు నేరాలకు దూరంగా ఉన్నారనుకోవద్దు. చదువు చెప్పేవాడు రాకముందే పాడుచేసేవాడు వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పదమూడేళ్ళ పిల్లవాడికి ఫోను లోపల ఏముందో చూడాలనే కుతూహలం ఉంటుంది. పక్కింటివాళ్ళ వై-ఫై పాస్‌వర్డు కనుక్కోవాలని ఉంటుంది. అది చెడ్డగుణం కాదు. ఆ కుతూహలమే ఈ వృత్తికి పెట్టుబడి. దానికి ఒక ఉస్తాదు కావాలి, అంతే. మెకానిక్ షెడ్డులో ఉస్తాదు ముందు నేర్పేది స్పానరు పట్టటం కాదు, కస్టమరు బండి తీసుకుని ఊరు తిరగొద్దని. ఇక్కడా అంతే.

మార్కెట్ సెంటర్లో చెట్టుకింద తాళంచెవులు చేసే చాచాను అందరూ చూసి ఉంటారు. ఊళ్ళో ఏ తాళమైనా ఆయనకు లెక్కలేదు. కాని ఇంటాయన స్వయంగా వచ్చి, "చాచా, చెవి పోయింది, తలుపు తియ్యి" అంటేనే కదులుతాడు. ముక్కూ మొహం తెలియనివాడు పిలిస్తే పక్కింటివాళ్ళను అడిగిగాని చెయ్యి వెయ్యడు. దొంగకూ చాచాకూ చేతిలోని పనిముట్టు ఒకటే, తెలిసిన విద్యా ఒకటే. తేడా యజమాని అనుమతిలో ఉన్నది. కంప్యూటరు కాపలాలో మొదటి పాఠమూ చివరి పాఠమూ ఈ అనుమతే. మన దేశంలో 2000 సంవత్సరపు ఐ.టి. చట్టం ఉన్నది. యజమాని అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటరులో జొరబడితే 43వ సెక్షను కింద నష్టపరిహారం కట్టాలి. అదే పని మోసపు బుద్ధితో చేస్తే 66వ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జుర్మానా, లేదా రెండూను. "ఊరికే సరదాకి చేశాను సార్" అంటే స్టేషనులో వినేవాళ్ళుండరు. ఈ ముక్క తొమ్మిదో తరగతి పిల్లవాడికి తెలిసి ఉండాలి. ఎంతమందికి తెలుసో మీరే ఇంటికి వెళ్ళి అడిగి చూడండి.

అనుమతితో చేస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో ఉన్న లెక్క ఆరో తరగతి లెక్క.

మనం ఫేస్‌బుక్ పాస్‌వర్డు మరిచిపోతే వాళ్ళు ఫోనుకు ఆరు అంకెల నంబరు పంపుతారు. అది కొడితే కొత్త పాస్‌వర్డు పెట్టుకోవచ్చు. ఆరు అంకెల నంబర్లు మొత్తం ఎన్ని? సున్నాలు ఆరింటి నుంచి తొమ్మిదులు ఆరింటి దాకా, సరిగ్గా 10 లక్షలు. అంటే ఎవరైనా కూర్చుని 10 లక్షల నంబర్లూ ఒకదాని తరువాత ఒకటి కొడితే ఏదో ఒకటి తగలక తప్పదు. మనిషి కొట్టలేడుగాని, ప్రోగ్రాము రాస్తే యంత్రం కొడుతుంది. అందుకే పది పన్నెండుసార్లు తప్పు కొడితే ఇక తలుపు మూసేటట్టు ఫేస్‌బుక్‌వాళ్ళు ఏర్పాటు చేసుకున్నారు. బాగానే ఉంది. అయితే వాళ్ళకు అసలు సైటుతోపాటు, కొత్త మార్పులు పరీక్షించుకునే బీటా సైటు వేరే ఉన్నది. ముందు గుమ్మానికి గడియ పెట్టి దొడ్డి గుమ్మం మరిచినట్టు, అక్కడ ఈ లెక్కపెట్టే ఏర్పాటు పెట్టలేదు. 2016లో ఆనంద్ ప్రకాశ్ అనే భారతీయ యువకుడు ఇది కనిపెట్టాడు. కనిపెట్టి ఏం చేశాడు? తన సొంత ఖాతా మీదనే పరీక్ష చేసి చూసుకున్నాడు. సినిమావాళ్ళ ఖాతా కాదు, మంత్రిగారి ఖాతా కాదు. వెంటనే ఫేస్‌బుక్‌వాళ్ళకు వివరంగా రాసి పంపాడు. వాళ్ళు తప్పు దిద్దుకుని అతనికి 15,000 డాలర్లు ఇచ్చారు. అప్పటి లెక్కన 10 లక్షల రూపాయలు. ఇట్లా తప్పులు చూపినవాళ్ళకు బహుమానం ఇస్తామని ముందే ప్రకటించే కంపెనీలు చాలా ఉన్నై. ఆ ప్రకటనే అనుమతి. అందులో ఏ తలుపు తట్టవచ్చు, ఏది తట్టకూడదు అని రాసి ఉంటుంది. చదవకుండా తడితే మళ్ళీ 43వ సెక్షనే.

తల్లిదండ్రులు 10 లక్షలు అన్న మాట దగ్గర ఆగిపోకండి. బహుమానాల మీద సంసారం నడపటం అందరికీ అయ్యే పని కాదు. ఏళ్ళ తరబడి వెతికినా ఏమీ దొరకనివాళ్ళే ఎక్కువ. నేను చెప్పేది నెలజీతపు ఉద్యోగాల సంగతి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ అనే సంస్థ ఒక ఉత్తర్వు వేసింది. ఏ కంపెనీలోనైనా కంప్యూటరు దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లోగా తమకు చెప్పాలి, కంప్యూటర్ల రాకపోకల చిట్టాలు 180 రోజులు దాచి ఉంచాలి అని. ఆ మాటకు అర్థం, ఎవరో ఒకరు రాత్రింబగళ్ళు ఆ చిట్టాలు చూస్తూ ఉండాలి. ఆ కాపలా గదుల్లో మూడు షిఫ్టుల పని. ఇంకా, బ్యాంకుల లెక్కలు ఆడిట్ చేసినట్టు కంప్యూటర్లను ఆడిట్ చేసేవాళ్ళు, పోలీసులు పట్టుకున్న ఫోన్లలోంచి సాక్ష్యం తీసేవాళ్ళు, అనుమతి తీసుకుని లోపలికి జొరబడి చూసి లోపాలు రాసిచ్చేవాళ్ళు. ఈ పనులన్నీ హైదరాబాదులో ఉన్నై, బెంగుళూరులో ఉన్నై. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ జిల్లా పోలీసులకు సైబర్ విభాగాలు ఉన్నై.

అయితే పదో తరగతి పాసై, ఏదో ఒక సర్టిఫికెట్టు చూపిస్తే ఉద్యోగం ఇచ్చేవాడు ఎవడూ లేడు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే "ఎథికల్ హ్యాకింగ్, మూడు నెలల్లో లక్ష జీతం" అని గోడల మీద కాయితాలు అంటించే దుకాణాలు లేచినై. ఒకామె గాజుల బండి మీద సంపాదించిన నలభైవేలు కొడుకు కోసం అక్కడ కట్టి వచ్చి నన్ను అడిగింది, "మాస్టర్‌సాబ్, ఇది మంచిదేనా?" అని. ఆ పిల్లవాడికి నెట్‌వర్కు అంటే ఏమిటో తెలియదు. తెలియనివాడికి పనిముట్లు తిప్పటం చూపించి, ఫోటో తీసి, కాయితం ఇచ్చి పంపారు. స్టెతస్కోపు మెళ్ళో వేసుకున్నంత మాత్రాన డాక్టరవుతాడా?

మరి హైస్కూల్లో ఏం నేర్వాలి? అమెరికాలో చాలా హైస్కూళ్ళలో లెక్కలు, సైన్సుతోపాటు దీన్నే ఒక దారిగా ఎంచుకుని చదివే ఏర్పాటు ఉన్నది. 2009 నుంచి అక్కడ సైబర్ పేట్రియట్ అని బడిపిల్లల పోటీ జరుగుతున్నది. కావాలని లోపాలు పెట్టిన కంప్యూటర్లను పిల్లల జట్టుకు ఇస్తారు, గడువులోగా వెతికి సరిచెయ్యాలి. అక్కడ ఉన్న తెలుగువాళ్ళ పిల్లలను అడిగితే చెబుతారు. మన దగ్గర సి.బి.ఎస్.ఇ. స్కూళ్ళలో పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్సులో పైథాన్ భాష, నెట్‌వర్కులు, సైబర్ నేరాల చట్టం కొంతవరకు ఉన్నై. మన రాష్ట్ర బోర్డులో, సర్కారు బడిలో చదివే పిల్లలకు మటుకు ఇది చాలావరకు బడి బయట నేర్చుకోవలసిన విద్యే. అదృష్టమేమంటే, ఇందులో మంచి సరుకంతా ఉచితంగా దొరుకుతుంది.

మొట్టమొదట లెక్కలు. లెక్కలంటే ర్యాంకుల లెక్కలు కాదు. రెండు అంకెలతోనే, సున్నా ఒకటితోనే, సంఖ్యలన్నీ రాయటం, శేషాల లెక్క, ప్రధాన సంఖ్యలు. మన బ్యాంకు రహస్యాలను దాచే తాళాల్లో కొన్ని ఈ ప్రధాన సంఖ్యలతోనే చేసినవి. ఆ తరువాత గుప్తలిపి. ఇక్కడ మనవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్-కిందీ అనే పండితుడు, గుప్తలిపిలో రాసిన ఉత్తరాన్ని తాళంచెవి లేకుండా ఎట్లా చదవవచ్చో ఒక గ్రంథం రాశాడు. కిటుకు ఏమిటంటే, ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు ఎక్కువసార్లు వస్తయ్, కొన్ని తక్కువసార్లు. అక్షరానికి ఇంకొక గుర్తు వేసి దాచినా ఈ హెచ్చుతగ్గులు దాగవు. గుర్తులను లెక్కపెట్టి, అన్నిటికంటే ఎక్కువగా వచ్చినదాన్ని భాషలో ఎక్కువగా వచ్చే అక్షరంతో సరిచూడాలి. ఇంగ్లీషులో ఆ అక్షరం 'ఇ'. ఈ పద్ధతిని రాతలో పెట్టినవాళ్ళలో, మనకు దొరికినంతవరకు, మొదటివాడు అల్-కిందీ. ఆ రాతప్రతి ఇస్తాంబులు నగరంలోని సులైమానియా గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది. నేను ఈ పేరు చెప్పగానే సభలో కొందరు తల ఊపారు, సంతోషమే. కాని ఆయన పేరు చెప్పి తలూపటం కంటే, ఆదివారం తెలుగు పేపరు ఒకటి తీసుకుని, ఒక కాలములో ఏ హల్లు ఎన్నిసార్లు వచ్చిందో మీ పిల్లవాడితో లెక్కపెట్టించండి. ఒక గంట పని. ఆ గంటలో వాడికి ఈ విద్య రుచి తెలుస్తుంది. విసుగు పుడితే ఇది వాడి దారి కాదని కూడా తెలుస్తుంది, అదీ లాభమే.

తరువాత కంప్యూటరు. కొత్తది అక్కర్లేదు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో ఆఫీసులవాళ్ళు వాడి అమ్మేసిన ల్యాపుటాపులు దొరుకుతై. అట్లాంటి పాతదాని మీద కూడా లైనక్సు చక్కగా నడుస్తుంది. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టి, పైసా తీసుకోకుండా లోకానికి వదిలిన సరుకు అది. లోకంలోని పెద్ద కంప్యూటర్లు ఎన్నో దాని మీదనే నడుస్తున్నై. బొమ్మల మీద నొక్కే అలవాటు మాని, ఆజ్ఞలు టైపు చేసి పని చేయించుకోవటం పిల్లవాడు దానిమీద నేర్చుకోవాలి. ఓవర్‌ది‌వైర్ అనేవాళ్ళ బాండిట్ అనే ఆట ఉన్నది, ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ ఇదే నేర్పుతుంది. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్ళు 2013 నుంచి బడిపిల్లల కోసం పికోసీటీఎఫ్ అని నడుపుతున్నారు. దాచిపెట్టిన మాటను వెతికి తియ్యటం అందులో ఆట. 13 ఏళ్ళు నిండిన ఏ దేశపు పిల్లలైనా ఉచితంగా చేరవచ్చు. నెట్‌వర్కు పాఠాలకు సిస్కో నెట్‌వర్కింగ్ అకాడెమీవాళ్ళవి ఉచితంగా ఉన్నై. నలభైవేలు కట్టక్కర్లేదు. ఈ ఆటల్లో గొప్పదనం ఏమిటంటే, పగలగొట్టటానికే కట్టిన తాళాలు అవి. అనుమతి వాళ్ళే ఇచ్చి ఉంచారు. పిల్లవాడి కుతూహలం తీరుతుంది, పక్కింటి వై-ఫై జోలికి పోడు.

ఇంగ్లీషు సంగతి. ఉర్దూ మీడియం, తెలుగు మీడియం పిల్లలు దీనికి భయపడతారు. మాట్లాడటం తరువాత వస్తుంది. ముందు చదివి అర్థం చేసుకోవటం కావాలి, ఎందుకంటే ఈ విద్యకు సంబంధించిన మాన్యువల్ పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటై. రోజుకొక పేజీ, నిఘంటువు పక్కన పెట్టుకుని. ఇంకొకటి, ఎవరూ చెప్పనిది: రాయటం. ఏ రోజు ఏం చేశాను, ఏ ఆజ్ఞ కొట్టాను, ఏం జవాబు వచ్చింది అని నోటుబుక్కులో తేదీ వేసి రాసుకునే పిల్లవాడు ఈ వృత్తిలో పైకి వస్తాడు. లోపం కనిపెట్టటం సగం పని. దాన్ని యజమానికి అర్థమయ్యేటట్టు రాసివ్వటం మిగతా సగం. పాలిటెక్నిక్‌లో నా దగ్గర చదివినవాళ్ళలో తెలివిగలవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బతిన్నారు.

పదో తరగతి తరువాత దారులు క్లుప్తంగా చెబుతాను. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ కంప్యూటరు డిప్లొమా, ఆపైన ఇసెట్ రాసి నేరుగా బి.టెక్. రెండో సంవత్సరం. ఇంటరు రెండేళ్ళ కార్పొరేట్ కాలేజీ ఫీజు భరించలేని ఇళ్ళకు ఇది చాలా మంచి దారి. నేను ఆ కాలేజీవాణ్ణని చెప్పటం లేదు. కాదు, కొంత అందుకే చెబుతున్నాననుకోండి. లేదా ఇంటరు ఎం.పి.సి. చదివి బి.టెక్.లో సైబర్ సెక్యూరిటీ బ్రాంచి. మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా కాలేజీల్లో ఈ బ్రాంచి పెట్టారు. కాలేజీ పాతదా, లాబ్ ఉన్నదా, చెప్పే లెక్చరరు ఉన్నాడా అని చూడకుండా బ్రాంచి పేరు చూసి చేర్చకండి. మామూలు కంప్యూటర్ సైన్సు మంచి కాలేజీలో దొరికితే అదే మేలు. నేర పరిశోధన వైపు ఇష్టమున్నవాళ్ళకు గాంధీనగర్‌లో 2020లో ఏర్పడిన నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉన్నది. బి.సి.-ఇ కిందికి వచ్చే కుటుంబాలవాళ్ళు కులం, ఆదాయం సర్టిఫికెట్లు కౌన్సెలింగు నాటికి కాదు, ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆ కాయితం లేక సీటు దగ్గరే ఆగిపోవటం నేను చూస్తున్నాను.

ఇంక ఆడపిల్లల సంగతి. దీనికి తొందరపడను, కాస్త ఓపిక పట్టండి.

2022 జనవరి 1న ఒక యాప్ బయటపడింది. ముస్లిం స్త్రీల ఫోటోలు దొంగిలించి, వాళ్ళను వేలం వేస్తున్నట్టుగా పెట్టారు. అంతకు ముందు 2021 జూలైలో ఇట్లాంటిదే ఇంకొకటి వచ్చింది. చదువుకున్న స్త్రీలు, పత్రికలవాళ్ళు, ఉద్యోగస్థులు అందులో ఉన్నారు. వాళ్ళు భయపడి ఇంట్లో కూర్చోలేదు, పోలీసు కేసులు పెట్టారు. జాడ తీస్తే దొరికినవాళ్ళు ఎవరు? ముసలి నేరస్థులు కాదు. పద్ధెనిమిది, ఇరవై, ఇరవైయొక్క ఏళ్ళవాళ్ళు, ఇంజనీరింగు చదువుతున్నవాళ్ళు ఉన్నారు. చేతిలో విద్య ఉంది, ఏది చెయ్యకూడదో చెప్పిన ఉస్తాదు లేడు. ఆ జాడ తీసిందీ ఇదే విద్య.

ఆ వార్త వచ్చినప్పుడు మన ఇళ్ళల్లో కొందరు చేసిన పని ఏమిటి? ఆడపిల్లల చేతిలో ఫోను తీసుకున్నారు. కొందరు కాలేజీ కూడా మానిపించారు. తప్పు చేసినవాడు ఎక్కడో ఉంటే శిక్ష మన పిల్లకు. ఫోటో మార్చి బెదిరించేవాడికి కావలసిందే అది, పిల్ల ఇంట్లో చెప్పలేకపోవటం. చెప్పలేని పిల్ల వాడు అడిగింది ఇస్తుంది. ఈ విద్య కొంచెమైనా వచ్చిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే, ఆ మెసేజి తుడిచెయ్యదు. తుడిస్తే సాక్ష్యం పోతుంది. స్క్రీను ఫోటో తీసి, నంబరు, తేదీ, టైము రాసిపెట్టి, ప్రభుత్వంవారి సైబర్ క్రైం పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తుంది. స్త్రీలకు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులు పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. డబ్బు పోయిన ఫిర్యాదైతే 1930 నంబరుకు వెంటనే ఫోను. ఆ సొమ్ము చేతులు మారకముందే ఆపాలి గనుక ఒక్కొక్క నిమిషమూ లెక్కే. "రేపు పొద్దున నాన్న వచ్చాక చూద్దాం" అంటే ఇక అయిపోయినట్టే.

రాత్రి షిఫ్టుల సంగతేమిటని ఒక తల్లి అడిగింది. కాపలా గదుల్లో రాత్రి పని ఉంటుంది, అబద్ధం చెప్పను. ఆడిట్ పని, చట్టానికి సంబంధించిన పని, లోపాలు వెతికి రాసివ్వటం మటుకు ఎక్కువగా పగటి పనులే. కొన్ని ఇంటినుంచే చెయ్యవచ్చు. కూర్చుని ఓపిగ్గా, ఒక్కొక్క వరుసా చూసి తేడా పట్టటం ఈ పనిలో ముఖ్యం. జరీ పనిలో ఒక్క కుట్టు తప్పితే పట్టేసే కళ్ళు మన ఆడపిల్లలవి. నాకు వాళ్ళ మీదనే ఎక్కువ ఆశ ఉన్నది. మగపిల్లలు నొచ్చుకోవద్దు.

చివరగా సంఘంవారికి ఒక మనవి. కిందటేడు కట్టిన వెనుక గది ఆదివారాలు తాళం వేసే ఉంటున్నది. దానిలో నాలుగు పాత కంప్యూటర్లు, ఒక ఇంటర్నెట్ కనెక్షను పెడితే ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు పదహారుమందికి వంతులవారీగా చెప్పవచ్చు. పొద్దున ఆడపిల్లలకు, మధ్యాహ్నం మగపిల్లలకు. మన ఇళ్ళల్లోనే ఇంజనీరింగు చదివే పిల్లలు ఇద్దరు చెప్పటానికి ఒప్పుకున్నారు. నేను వారం వారం వచ్చి కూర్చుంటాను. చేరే ప్రతి పిల్లా పిల్లవాడూ, ఇంకొకరి యంత్రం అనుమతి లేకుండా ముట్టుకోమని ఒక కాయితం మీద సంతకం చెయ్యాలి, దానికింద తల్లిగాని తండ్రిగాని సంతకం చెయ్యాలి. వేలిముద్రయినా సరే. జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చునా అని ఒకరిద్దరు అడిగారు. అది ఉలమాలు చెప్పాలి, నేను మాస్టర్ని. మామూలు చందాగా ఇచ్చేవాళ్ళు కోశాధికారిగారికి ఇచ్చి రసీదు తీసుకోండి.

పేర్లు రాసే పుస్తకం గుమ్మం పక్కన బల్లమీద ఉంచాము. తొమ్మిదో తరగతివాళ్ళకు ముందు చోటు, వాళ్ళకు ఇంకా రెండేళ్ళ వ్యవధి ఉన్నది గనుక. ఇంట్లో పాత కంప్యూటరు మూలన పడి ఉన్నవాళ్ళు, అది పనిచేసినా చెయ్యకపోయినా, అడ్రసు రాసి వెళితే మన కుర్రాళ్ళు వచ్చి తీసుకువెళతారు. ఇచ్చేముందు అందులోని మీ ఫోటోలు, బ్యాంకు కాయితాలు తీసేసుకోండి. లేకపోతే పిల్లలకు మొదటి పాఠం వాటితోనే మొదలవుతుంది.